అరవై శాండ్‌విచ్‌లు, రెండు పళ్ళు

ఆ ఇంటి కోడలికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తన చేతి వంట తిని ఎవరికైనా ఏమైనా అవుతుందేమోనని. పాములకూ, ఉరుములకూ, అప్పుడప్పుడూ అత్తగారికీ కూడా ఆమె భయపడేది కానీ అవన్నీ దీని తర్వాతే. రెండేళ్ళ పాపకు అన్నం తినిపిస్తే, ప్రతి ముద్దలోంచీ కొంచెం తను ముందు తిని, పాప మొహమూ తన కడుపూ రెండూ కనిపెట్టుకుని కూర్చునేది. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, పాల ప్యాకెట్టు మీద తారీఖు చదవడంలో ఆమెను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు.

అలాంటి మనిషికి బయటివాళ్ళ కోసం పచ్చడి చేసే పని దొరకడమే వింత. వీధి చివర బేకరీ నడిపే ఆవిడను అందరూ బేకరీ అక్క అంటారు. కోడలు చేసిన కొత్తిమీర పుదీనా పచ్చడిని ఆవిడ ఒకసారి బ్రెడ్డు ముక్క మీద రాసుకుని తిని, వెంటనే ఇంకో ముక్క అందుకుంది.

"శుక్రవారం పొద్దున్నే నాకు రెండు కిలోలు కావాలమ్మాయ్. అరవై శాండ్‌విచ్‌ల ఆర్డరుంది. తిన్నవాళ్ళు మెచ్చుకున్నారనుకో, రోజూ నీ దగ్గరే తీసుకుంటా. లేదంటే ఏమీ అనుకోకు, నా పాత సీసా పచ్చడే నాకు గతి" అంది.

చంటిపిల్లను చూసుకుంటూ ఇంట్లోంచి చేసుకోగల పని అది. అలాంటిది ఇంకొకటి తన గడప దాకా రాదని కోడలికి తెలుసు. అందుకే గురువారం సాయంత్రమే ఏర్పాట్లన్నీ చేసుకుంది. ఈ పచ్చడికి వేడి పడదు. మిక్సీ వేడెక్కిందంటే కొత్తిమీర నల్లబడుతుంది, పుదీనా చేదెక్కుతుంది. ఐసు ముక్కలూ, మంచులాంటి నీళ్ళూ పోసి రుబ్బితేనే ఆ పచ్చదనం నిలుస్తుంది. ఆమె ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి, మూత పెట్టి, ఫ్రిజ్ పై అరలో ఉంచింది.

శుక్రవారం ఆరింటికల్లా వంటింట్లో పని మొదలైంది. ఆకు కాడల్లోంచి తుంచి, మూడు నీళ్ళల్లో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టింది. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, పుట్నాల పప్పు, ఉప్పు వేసి విడతలు విడతలుగా రుబ్బింది. ఆఖరి విడతకు ఫ్రిజ్ తీసి చేతికందిన గ్లాసు తీసుకుంది. అదే క్షణంలో పాప ఉప్పు డబ్బా లాగింది. ఒక చేత్తో డబ్బా పట్టుకుని, రెండో చేత్తో గ్లాసెడు నీళ్ళూ జార్లోకి ఒక్కసారిగా కుమ్మరించి, ఐసు ముక్కలు పడేసి మీట నొక్కింది. మిక్సీ కటకటకటమని అరిచింది. ఐసే కదా అనుకుంది.

పచ్చడి చిలకపచ్చగా వచ్చింది. నిమ్మకాయ పిండి, రెండు చెంచాలు తిని, తనకేమైనా అవుతుందేమోనని గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు కూర్చుంది. ఏమీ కాలేదు. డబ్బాకెత్తి భర్తకిచ్చింది. అతను లిఫ్టు మెకానిక్కు. దారిలో బేకరీలో ఇచ్చేసి పనికి పోతానన్నాడు. ఆ పొద్దున అతను టిఫిను ముట్టలేదు, మాట కూడా ముక్తసరిగానే మాట్లాడాడు. పచ్చడి ధ్యాసలో ఉన్న కోడలు పట్టించుకోలేదు.

ఎనిమిదిన్నరకు అత్తగారు లేచి వంటింట్లోకి వచ్చింది. నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని ఫ్రిజ్ తలుపు తీసి, పై అర తడిమి చూసింది.

"అమ్మాయ్, నా గ్లాసేదే?"

"ఏ గ్లాసత్తయ్యా?"

"గట్టిగా అనకు. పళ్ళ గ్లాసు."

కోడలి చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. అత్తగారి ముందు పళ్ళు రెండూ కట్టుడువి. వాటికి వేడి నీళ్ళు తగలనివ్వద్దని పళ్ళు కట్టినాయన ఏనాడో చెప్పాడు. వేడి వద్దన్నాడంటే ఎంత చల్లగా ఉంచితే అంత మంచిదని అత్తగారు ఈ మధ్యే తీర్మానించుకుని, పడుకునేముందు నీళ్ళ గ్లాసులో వేసి ఫ్రిజ్‌లో దాచడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఇది చెప్పుకునే సంగతా!

"ఫ్రిజ్‌లోనా! ఎక్కడ పెట్టారు?"

"పై అరలో. నీ గ్లాసు పక్కన."

ఆ ఇంట్లో స్టీలు గ్లాసులన్నీ ఒకే సెట్టువి. అరలో ఇప్పుడు ఒక్కటే ఉంది. కోడలు మూత తీసి చూసింది. నీళ్ళు. వేళ్ళు ముంచి తడిమింది. నీళ్ళు. అప్పటికీ ఆశ చావక, టీ వడకట్టే జల్లెడలోంచి సింకులోకి ఒంపింది. జల్లెడలో ఏమీ మిగల్లేదు. ఉన్నవి రెండు గ్లాసులు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో పళ్ళు. మిగిలినదాంట్లో పళ్ళు లేవు. అయితే మిక్సీలో పోసింది ఏది? ఈ ప్రశ్నకు ఎనిమిదో తరగతి చదువు చాలా ఎక్కువ.

కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి. చెవుల్లో మళ్ళీ కటకటకట వినిపించింది.

"ఏమే, నా పళ్ళు రుబ్బేశావా?" అంది అత్తగారు.

కోడలు మిక్సీ వంక చూసింది.

"పడుకునే ముందు శుభ్రంగా తోమే పెట్టానులే" అని అత్తగారు తనే మళ్ళీ అంది, అదేదో పెద్ద ఊరట అన్నట్టు.

కోడలు పరుగున పోయి కడగని జారు తిరగేసింది. బ్లేడ్ల కింద తెల్లటి పలుకు ఒకటి ఇరుక్కుని ఉంది. పుట్నాల బద్దా, పంటి ముక్కా? కొరికి చూస్తే తేలిపోతుంది. కానీ కొరికేదెవరు? దాన్ని కాగితంలో పొట్లం కట్టి సంచిలో వేసుకుని, భర్తకు ఫోన్ చేసింది. లిఫ్టు గుంతలో దిగినవాడికి సిగ్నలు ఉండదు. ఇక బేకరీకి చెయ్యక తప్పలేదు. నంబరు నొక్కేలోపు అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"నాకివి కట్టుడు పళ్ళని ఈ వీధిలో చీమక్కూడా తెలీదు. పళ్ళ మాట ఎత్తావంటే నా మీద ఒట్టే!"

కోడలు తలూపింది. ఫోన్ కలిసింది.

"అక్కా, ఆ పచ్చడి వాడకండి!"

"అదేంటమ్మాయ్, ఎందుకని?"

"ఉప్పెక్కువైంది."

"నేను మూడు చెంచాలు తిన్నా. ఉప్పు అచ్చు గుద్దినట్టు సరిపోయింది."

మూడు చెంచాలు. "అయితే కారం ఎక్కువైంది."

"అదీ సరిపోయింది. ఏంటే నువ్వు, పొగిడించుకోవాలని ఉందా ఏం? పొగుడుతాలే, సాయంత్రం రా. ఇప్పుడైతే రాసేశాం, పంపేశాం."

"ఎక్కడికి పంపేశారక్కా?"

"ఆహార తనిఖీ ఆఫీసుకి! ఇవాళ వాళ్ళకేదో పెద్ద మీటింగట. ఎవరి తిండి బాలేకపోయినా వచ్చి తాళాలేసేది వాళ్ళే కదా. వాళ్ళే మన దగ్గర తింటున్నారంటే మాటలా!"

కోడలు కింద కూర్చుండిపోయింది. కూర్చున్నది మళ్ళీ లేచి, పాపను చంకనేసుకుని, అత్తగారిని రెక్క పట్టుకుని, ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆమె ఒక్కటే లెక్క వేసుకుంటూ పోయింది: ఎక్కువమంది తినకముందే అడిగి వెనక్కి తీసుకుంటే చాలు. అత్తగారు చేతిగుడ్డ చాటునుంచి, "ఒట్టు మర్చిపోకు" అంటూనే ఉంది.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "ఎవరు కావాలమ్మా?"

"ఎవరూ వద్దండీ. శాండ్‌విచ్‌లు వెనక్కి కావాలి."

"తిననివా, తిన్నవా?"

"తిన్నారా అప్పుడే?"

"నేనే ఒకటి తిన్నా. భలే ఉంది. ఏం, ఎందుకు?"

"ఆ పచ్చడి... బాలేదండీ."

వాచ్‌మన్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. వాళ్ళను లోపలికి పొమ్మనడానికి బదులు తనే ముందు లోపలికి పరుగు పెట్టాడు. లిఫ్టు తలుపుకు మరమ్మతు బోర్డు వేలాడుతోంది. కోడలు మెట్లెక్కసాగింది. ఆమె కంటే ముందు ఆమె మాట ఎక్కుతోంది. మొదటి అంతస్తులో ఒకామె, "పచ్చడి పాడైందట!" అంటూ ఎదురొచ్చింది. రెండో అంతస్తులో ఒకాయన, "విషమట!" అని గోడకు చేరగిలబడి ఉన్నాడు. మూడో అంతస్తులో మీటింగు హాలు. అప్పటికే సగంమంది పొట్టలు పట్టుకుని ఉన్నారు. ఒకాయనకు నాలుక మొద్దుబారిందట. ఇంకొకాయన అసలు శాండ్‌విచ్ ముట్టుకోలేదు, అయినా కళ్ళు తిరుగుతున్నాయన్నాడు.

పెద్ద ఆఫీసరు బల్ల చివర నిలబడి ఉన్నాడు. నాలుగు తినేసి, ఐదోది చేతిలో పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటప్పుడు ఆయనకు తెలిసిన పని ఒక్కటే.

"సీల్ చెయ్యండి!" అని అరిచాడు.

చేసేశారు. హాలు తలుపును. అందరూ లోపలుండగానే.

కళ్ళజోడు పెట్టుకున్న చిన్న ఆఫీసరమ్మ ఒక్కతే నిదానంగా ఉంది. కోడలి దగ్గరికొచ్చి కాగితం, కలం తీసింది. "భయపడకుండా చెప్పమ్మా. అందులో ఏం కలిసింది?"

కోడలు అత్తగారి వంక చూసింది. అత్తగారు చేతిగుడ్డ ఇంకా గట్టిగా అదుముకుని తల అడ్డంగా ఊపింది.

"చిన్న... వస్తువండీ."

"వస్తువా? గాజు పెంకా? ఇనప మేకా?"

"అలాంటిది కాదండీ. తెల్లగా ఉంటుంది."

"తెల్లగానా?" వెనకెవరో కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నారు. "పొడా?"

"ముందు పొడి కాదండీ. రుబ్బాక అయ్యుంటుంది."

"ఎలకల మందా?"

"అయ్యో, కాదండీ! రోజూ నోట్లో పెట్టుకునేదే!"

"మత్తుమందు!" అని పెద్ద ఆఫీసరు కెవ్వుమన్నాడు. "అంబులెన్సు! పోలీసులు! ముందు అంబులెన్సు!"

పోలీసుల మాట వినగానే కోడలికి ముచ్చెమటలు పోశాయి. పాపను ఇంకా గట్టిగా పొదువుకుంది. నోరు తెరిస్తే అత్తగారి ఒట్టు, తెరవకపోతే జైలు. ఆమె కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అది చూసి అత్తగారు ఒక్క అడుగు ముందుకేసి, ఇన్నేళ్ళుగా వీధిలో ఎవరికీ తెలియనివ్వని గుట్టును దాస్తున్న ఆ చేతిగుడ్డను నోటి మీదనుంచి లాగి పారేసింది.

"నా పళ్ళయ్యా అవి! ముందు పళ్ళు! రెండు! కట్టుడువి! ఆ పిల్లనేమీ అనకండి, ఫ్రిజ్‌లో పెట్టుకున్నదాన్ని నేను!"

నలభైమంది నోళ్ళు తెరుచుకుని, అత్తగారి నోట్లో ఉన్న ఆ ఖాళీ వంక చూస్తూ ఉండిపోయారు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. సీలూ గీలూ ఊడబెరుక్కుని చేతులు కడుక్కునే చోటికి పరుగెత్తారు. అక్కడున్నవి రెండే కొళాయిలు. ఆ రద్దీకి ఎదురీదుతూ, అప్పుడే సంగతి విని పరుగెత్తుకొచ్చిన బేకరీ అక్క లోపలికొచ్చి పడింది.

"పళ్ళా? పళ్ళా! మూడు చెంచాలు తిన్నా కదే నేను!" అని గోడ పట్టుకుంది. "కరకరలాడితే అల్లం అనుకున్నానే!"

చిన్న ఆఫీసరమ్మ కళ్ళజోడు సర్దుకుని, మిగిలిన శాండ్‌విచ్‌లన్నీ బల్ల మీద వరసగా పేర్పించి, పట్టకారుతో ఒక్కొక్కటీ విప్పించింది. ముప్పై ఏడు విప్పారు. దోసకాయ చక్రాలున్నాయి, పచ్చడుంది, పన్ను లేదు.

"ఇంకేమైనా ఆధారం ఉందా?" అని అడిగింది.

కోడలికి పొట్లం గుర్తొచ్చింది. "ఉందండీ! జార్లో దొరికింది" అంటూ సంచిలో చెయ్యి పెట్టింది. కాగితం దొరికింది. విప్పి ఉంది. చంకలో పాప శ్రద్ధగా ఏదో నములుతోంది.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్ తల్లీ!"

పాప గుటుక్కున మింగి, నోరు తెరిచి చూపించి, "ఇంకోతి" అంది.

కోడలు బావురుమంది. పాప నోట్లో వేలు పెట్టి వెతికింది, వీపు తట్టింది, తలకిందులు చెయ్యబోతే చిన్న ఆఫీసరమ్మ ఆపింది. "ఆగమ్మా, ఆ పిల్ల నోరు వాసన చూడు. వేయించిన పప్పు వాసనొస్తోంది. అది పుట్నాల బద్దే."

అది పుట్నాల బద్ద అయితే పళ్ళు ఎక్కడున్నట్టు? విప్పిన ముప్పై ఏడింటిలో లేవు. తిన్న ఇరవై మూడింటిలో ఉండాలి. ఒక్కరే నాలుగు తిన్నది ఎవరు? ఎవరూ నోటితో అనలేదు కానీ, హాల్లో ఉన్నవాళ్ళందరి చూపులూ మెల్లగా పెద్ద ఆఫీసరు పొట్ట మీదికి చేరాయి. ఆయన కూడా దాని మీద చెయ్యి వేసి, ఏదో వినపడుతున్నట్టు తల వంచాడు.

"వాటికి తీగలేమైనా ఉంటాయా అమ్మా?" అని అడిగాడు సన్నగా.

"ఉంటాయి నాయనా. రెండు పక్కలా కొక్కేలు."

"గుచ్చుకుంటున్నాయి" అన్నాడాయన.

లిఫ్టు లేదు కాబట్టి ఆయనను కుర్చీతో సహా నలుగురు ఎత్తి మెట్ల మీదుగా దింపారు. వెనకే అందరూ కిందికి దిగొచ్చారు. అంబులెన్సు కూత వీధి మలుపు తిరిగేదాకా వినపడింది. కోడలు పాపను ఒళ్ళో పెట్టుకుని గేటు దగ్గరి లిఫ్టు ఎదురుగా నేల మీద కూలబడింది. పని పోయింది, సరే. ఒక మనిషి కడుపులో తన చేతి మీదుగా కొక్కేలు దిగాయి. ఇన్నాళ్ళూ ఏది జరుగుతుందని భయపడిందో అదే జరిగింది.

"నన్ను పోలీసులకిస్తారా అండీ?" అని చిన్న ఆఫీసరమ్మను అడిగింది.

ఆవిడ జవాబు చెప్పేలోపు లిఫ్టు తలుపులు కిర్రుమంటూ జానెడు తెరుచుకున్నాయి. ఆ సందులోంచి, సరిగ్గా నేల మట్టానికి, గ్రీజు పూసుకున్న ఒక తల పైకొచ్చింది. వాచ్‌మన్ దయ్యమనుకుని వెనక్కి గెంతాడు. కోడలు గెంతలేదు. ఆ తల ఆమె మొగుడిది.

"పైనుంచి మా అమ్మ గొంతు వినబడినట్టుంది" అని ఆ తల అటూ ఇటూ చూసింది. "అదేంటే, మీరంతా ఇక్కడున్నారేంటి? పాప కూడానా? అమ్మా! నోటికి గుడ్డేదీ?"

"నా పళ్ళు పోయాయిరా నాయనా! నీ పెళ్ళాం రుబ్బింది, ఆయనెవరో మింగాడు!"

మెకానిక్కు మొహం పాలిపోయింది. మెల్లగా చొక్కా జేబులోంచి శుభ్రమైన దూది మడత తీసి నేల మీద పెట్టి విప్పాడు. రెండు పళ్ళు, ఒక పలక, రెండు కొక్కేలు.



"తెల్లారుజామున దాహమేసి ఫ్రిజ్ తీశా" అన్నాడు, తల దించుకుని. ఆ తల అంతకంటే దించడానికి చోటు లేదు. "చల్లటి నీళ్ళు కనబడ్డాయి. గటగటా తాగేశా. అడుగుకొచ్చేసరికి పెదవికి ఏదో తగిలింది. చూస్తే అమ్మ నవ్వుతున్నట్టుంది. అదిరిపడి కింద పడేశా. కొక్కెం వంకరపోయింది."

"మరి అందులో మళ్ళీ నీళ్ళెందుకు పోశావురా?" అంది అత్తగారు.

"మూడుసార్లు కడిగే పోశానమ్మా. ఖాళీ గ్లాసు చూస్తే నువ్వు కంగారు పడతావని."

"పళ్ళు లేకపోతే పడననుకున్నావా!"

"పావుగంటలో వంకర తీసి తెచ్చి పెట్టేద్దామనుకున్నా. ఈ లిఫ్టు వదిలితేగా."

కోడలు ఇంతసేపూ కదల్లేదు. ఇప్పుడు ముందుకు వంగి, భర్త కళ్ళల్లోకి చూసి, ఒక్కో మాటా కూడబలుక్కుని అడిగింది. "అంటే, నా పచ్చడిలో ఏమీ పడలేదా?"

"ఐసు తప్ప ఏం పడుతుందే."

అప్పుడు ఏడ్చింది, అసలైన ఏడుపు. తోడుగా పాప అందుకుంది. గోడ పట్టుకున్న బేకరీ అక్క గోడ వదిలేసి తనూ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడుపు మూడు చెంచాల గురించి.

చిన్న ఆఫీసరమ్మ మాత్రం రాసిన కాగితం చించెయ్యలేదు. ఫిర్యాదు వచ్చాక పరీక్ష చెయ్యకుండా వదిలేస్తే రూలు ఒప్పుకోదంది. ఆఫీసులోనే ఉన్న ల్యాబుకు పచ్చడి పంపింది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. మట్టి లేదు, రంగు లేదు, పురుగు లేదు, ఏ కల్తీ లేదు. రుచి సంగతి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు కాబట్టి, మిగిలిన పచ్చడిని ఆవిడ తన టిఫిను డబ్బాలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది.

బేకరీ అక్క ఆ రిపోర్టుకు అద్దం కట్టించి కౌంటరు వెనక తగిలించింది. ఆ చుట్టుపక్కల ప్రభుత్వం ముద్ర ఉన్న పచ్చడి అదొక్కటే. ఇప్పుడు కోడలు రోజూ మూడు కిలోలు పంపుతోంది. ఒకటే షరతు. మిక్సీ మీట నొక్కేముందు అత్తగారు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఫొటో ఒకటి బేకరీ అక్క ఫోన్‌కు చేరాలి. మొదట్లో అత్తగారు ఇదెక్కడి గోల అని విసుక్కుంది. ఈ మధ్య మాత్రం ఫొటోకు ముందు తల దువ్వుకుంటోంది.

అంతా సవ్యంగానే ముగిసింది కానీ, ఆనాటి హడావిడిలో ఒక్క పని మిగిలిపోయింది. పెద్ద ఆఫీసరుకు ఎవరూ కబురు చెప్పలేదు. కోడలికి వెళ్ళాలంటే భయం, అత్తగారికి సిగ్గు. వాళ్ళు చెప్పి ఉంటారని ఆఫీసువాళ్ళూ, ఆఫీసువాళ్ళు చెప్పి ఉంటారని వీళ్ళూ ఊరుకున్నారు. ఆయన పెద్దాసుపత్రి మూడో అంతస్తులో చివరి గదిలో పూటకు నాలుగు అరటిపళ్ళు తింటూ, ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదంటే ఇంకా లోతుగా దిగి ఉంటాయని నమ్ముతూ, ఎదురుచూస్తున్నాడు. మీలో ఎవరికైనా అటువైపు పనుంటే ఒకసారి ఆయనను పలకరించి, పళ్ళు దొరికాయని, ఇక ఇంటికి పొమ్మని చెప్పి రండి.